కారు ఏసీ నుంచి వచ్చే దుర్వాసన: కారణ నిర్ధారణ, నివారణ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- కారు ఏసీలో దుర్వాసన ఎలా పుడుతుందో వివరించగలరు.
- వాసన తీరును, అది వచ్చే సమయాన్ని బట్టి లోపాన్ని గుర్తించగలరు.
- నిదానంగా సరిచేసుకోదగిన లోపాలను, వెంటనే బండి ఆపవలసిన లోపాలను వేరుచేసి చెప్పగలరు.

1. పరిచయం

ఏసీ వేయగానే వాసన వస్తే చాలామంది డ్యాష్‌బోర్డు మీద ఒక సెంటు సీసా పెట్టి ఊరుకుంటారు. సెంటు వాసనను కప్పుతుందే గాని దాని కారణాన్ని తొలగించదు. కొన్ని కారణాలు చికాకు మాత్రమే కలిగిస్తాయి. కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి. వాటిని వేరుచేసి చూపేది ఆ వాసనే. అందువల్ల దాన్ని కప్పిపుచ్చే ముందు పరిశీలించాలి.

2. వాసన ఎలా పుడుతుంది?

డ్యాష్‌బోర్డు వెనుక ఎవాపరేటర్ అనే చల్లని అల్యూమినియం జాలకం ఉంటుంది. బ్లోయర్ తోసే గాలి దీని గుండా వెళ్ళి చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. 35 డిగ్రీల సెల్సియస్ వేడి, 60 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలికి తుషార స్థానం సుమారు 26 డిగ్రీలు. ఎవాపరేటర్ ఉపరితలం అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది కాబట్టి దాని మీద నీరు పడుతుంది. ఈ నీరు ఒక సన్నని గొట్టం ద్వారా కారు కిందికి కారిపోవాలి. ఏసీ నడుస్తున్న కారు కింద నీటి చుక్కలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది మంచి సూచన.

ఇంజను ఆపిన తరువాత జాలకం తడిగానే మిగులుతుంది. తడి, చీకటి, దుమ్ము కలిసినచోట బూజు, బాక్టీరియా పెరుగుతాయి. ఆరని బట్టల వంటి ముక్క వాసన వాటి వల్లే వస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. వానాకాలంలో హైదరాబాదులోనూ ఇది తప్పదు.

3. వాసనను బట్టి లోపాన్ని గుర్తించడం

ముక్క వాసన: ఏసీ వేసిన మొదటి కొద్ది నిమిషాలు ఘాటుగా ఉండి తరువాత తగ్గుతుంది. ముందు సీటు కింద కార్పెట్ కూడా తడిసి ఉంటే నీటి గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.

కుళ్ళిన వాసన: రోజురోజుకూ పెరుగుతూ ఉంటే గాలి మార్గంలో ఎలుక చచ్చి ఉండవచ్చు. మొదట కేబిన్ ఫిల్టర్ గూడు తెరిచి చూడాలి.

తియ్యని వాసన: హీటర్ కోర్ నుంచి కూలెంట్ కారుతున్నదనడానికి సూచన. అద్దం లోపలివైపు జిడ్డు పొర పడుతుంది, కూలెంట్ మట్టం తగ్గుతూ పోతుంది. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. మరమ్మతు అయ్యేవరకు ఏసీ, హీటరు వాడకూడదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు.

కాలిన వాసన: ప్లాస్టిక్ కాలినట్లుంటే బ్లోయర్ మోటారు లేదా దాని వైర్లు వేడెక్కాయని అనుమానించాలి. వెంటనే ఏసీ, బ్లోయర్ ఆపి, బండి పక్కకు తీయాలి.

పెట్రోలు వాసన: అగ్నిప్రమాదానికి హెచ్చరిక. ఇంజను ఆపి అందరూ దిగాలి.

పొగ వాసన: ముందు లారీ ఉన్నప్పుడు మాత్రమే వస్తే బయటి గాలిని ఆపి లోపలి గాలే తిరిగేలా మీట మార్చితే పోతుంది. ఖాళీ రోడ్డు మీద కూడా వస్తుంటే మన బండి పొగే లోపలికి చేరుతున్నదని అర్థం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. పొగలోని ఇతర పదార్థాల వాసన ఒక్కటే మనకు అందే హెచ్చరిక. సెంటు కప్పేసేది దాన్నే. తలనొప్పి, వికారం, మగత కనిపిస్తే అద్దాలు దించి, బండి ఆపి, బయటి గాలిలోకి రావాలి. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఏసీలో పడుకోవడం ఎన్నడూ తగదు.

4. ముక్క వాసనకు పరిష్కారం

ఖర్చు తక్కువైన పనితో మొదలుపెట్టి ఈ వరుసలో చేయాలి.

1. కేబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. నల్లబడినా, తడిసినా కొత్తది వేయాలి. చాలా కార్లలో ఇది సామాన్లు పెట్టుకునే ముందరి అర వెనుక ఉంటుంది.
2. ఏసీ నడిపి కారు కింద నీరు కారుతున్నదో లేదో చూడాలి. కారకపోతే గొట్టం శుభ్రం చేయించాలి.
3. వాసన ఇంకా ఉంటే ఎవాపరేటర్‌ను దానికోసమే తయారైన నురుగు మందుతో కడిగించాలి. బ్లీచింగ్, ఆమ్లం వాడితే అల్యూమినియం తినేస్తుంది.
4. గమ్యం చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం నడపాలి. జాలకం చాలావరకు ఆరుతుంది.

గ్యాస్ నింపించడం వల్ల ఈ వాసన పోదు. గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది; బూజు గొట్టాల బయట ఉంటుంది.

5. సారాంశం

వాసన ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది, ఏ మీట మార్చితే పోతుంది అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకొని మెకానిక్ దగ్గరికి వెళితే అనవసర మరమ్మతులు తప్పుతాయి. ముక్క వాసనకు వారం రోజులు ఆగవచ్చు. పొగ, పెట్రోలు, కాలిన వాసనలకు ఒక్క కిలోమీటరు కూడా ఆగరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఏసీ నడుస్తున్న కారు కింద నీరు కారడం మంచి సూచన ఎందుకు?
2. లోపలి గాలే తిరిగేలా పెట్టినా, ఖాళీ రోడ్డు మీద పొగ వాసన వస్తున్నది. కారణం ఏమిటి? మొదట ఏం చేస్తారు?