పాత ట్రక్కు కొండలెక్కుతుంది!

జీపును చూడనివారు మనలో ఉండరు. పాతకాలపు జీపులో డ్రైవరు పక్కన గేరు కడ్డీతో పాటు మరో పొట్టి కడ్డీ కనిపిస్తుంది. మామూలు రోడ్డు మీద దానితో పనిలేదు. బురదలో దిగబడినప్పుడో, నిట్రమైన గుట్ట ఎక్కవలసినప్పుడో డ్రైవరు దాన్ని లాగుతాడు. అంతవరకూ వెనక చక్రాలకు మాత్రమే అందుతున్న ఇంజను శక్తి అప్పుడు ముందు చక్రాలకు కూడా అందుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ 1941లో తయారుచేసిన జీపు ఇలాంటిదే. 1947లో మన దేశంలో మహీంద్రా సంస్థ ఆ జీపులను బిగించడం ప్రారంభించింది. అమెరికాలో యుద్ధం ముగిశాక, సైన్యానికి అక్కరలేని జీపులను మామూలు జనం కొనుక్కుని కొండల్లోకి షికార్లు మొదలుపెట్టారు. 1953లో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ నుంచి సియెరా నెవాడా పర్వతాల మీదుగా, రూబికాన్ బాట వెంట టాహో సరస్సు దాకా జీపుల యాత్ర సాగింది. యూటా రాష్ట్రంలోని మోయాబ్ దగ్గర, నున్నని ఇసుకరాతి గుట్టల మీద ఈస్టరు రోజుల్లో జరిగే జీపు యాత్ర 1967లో మొదలైంది.

ఇలాంటి బాటల మీదికి భార్యాపిల్లలతో వెళ్ళాలనుకునే వారిలో చాలామంది కొత్త బండి కొనరు. పాత ట్రక్కునే కొని, ఒక్కొక్క భాగమే మార్చుకుంటారు. అలాంటి ఒక బండిని చూద్దాం. 1984లో టొయోటా కంపెనీ ఫోర్‌రన్నర్ అనే బండిని అమెరికాలో విడుదల చేసింది. నిజానికది సరుకులు మోసే చిన్న ట్రక్కే. తొట్టి మీద ఫైబర్‌గ్లాస్ కప్పు వేసి, లోపల వెనక సీటు అమర్చారు. తొలి బళ్ళలో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు ఉండేవి. ఒక చక్రం రాయెక్కితే ఇరుసు వాలి రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది. రాళ్ళబాటలో ఇది ఎంతో మేలు. 1986 నుంచి ముందు చక్రాలకు వేరే అమరిక వచ్చింది. అందుకే అంతకు ముందరి బళ్ళకు నేటికీ గిరాకీ ఉంది.

ముందు సుత్తి, తరువాత స్పానరు

నలభై ఏళ్ళ బండిలో మొదట చూడవలసింది ఇంజను కాదు, అడుగున బండి బరువంతా మోసే ఛాసిస్‌ను. అమెరికాలో చలి ప్రాంతాల రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీటి గుండా విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య కాబట్టి ఉప్పునీటిలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఛాసిస్ పొడవునా సుత్తితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి ఉక్కు. బొద్దుగా మోగినా, పెళ్ళలు రాలినా ఆ బండి కుటుంబానికి పనికిరాదు.

నడక కంటే నెమ్మదిగా

రాళ్ళ మీద వేగంగా పోతే స్ప్రింగులు విరుగుతాయి, తలలు కప్పుకు కొట్టుకుంటాయి. కావలసింది వేగం కాదు, నెమ్మదిగా కదిలే బలం. పళ్ళచక్రాలు వేగాన్ని తగ్గించిన కొద్దీ తిప్పే బలం పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా!

ఈ బండిలో పళ్ళచక్రాల మెట్లు మూడు ఉన్నాయి. మొదటి గేరు వేగాన్ని సుమారు 3.95 రెట్లు తగ్గిస్తుంది. పొట్టి కడ్డీ కింద ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు 2.28 రెట్లు, ఇరుసులోని పళ్ళచక్రాలు 4.10 రెట్లు తగ్గిస్తాయి. మూడింటినీ గుణిస్తే సుమారు 37 వస్తుంది. అంటే ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతోందనుకోండి. 28 అంగుళాల టైర్లతో బండి నిమిషానికి 48 మీటర్లు పోతుంది. గంటకు దాదాపు 3 కిలోమీటర్లు!

రాళ్ళ మీద ఇది కూడా ఎక్కువే. అందుకని ట్రాన్స్‌ఫర్ కేసులో 2.28కి బదులు 4.70 రెట్లు తగ్గించే పళ్ళచక్రాలను బిగిస్తారు. టైర్లను 33 అంగుళాలకు పెంచితే, ఆ పెరిగిన చుట్టుకొలతకు సరిపడా ఇరుసులో 4.88 నిష్పత్తి పెడతారు. ఇప్పుడు మొత్తం నిష్పత్తి 90 దాటుతుంది. నిమిషానికి 23 మీటర్లే నడక! గుట్ట దిగేటప్పుడు కూడా ఈ గేరే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోయే ప్రమాదం తగ్గుతుంది.

నిట్రమైన చోట ఇంజను ఆగిపోతే? పాత కార్బురేటరులో చిన్న గిన్నె నిండా పెట్రోలు ఉంటుంది. బండి బాగా వాలితే పెట్రోలు ఒక పక్కకు చేరి, ఇంజనుకు అందవలసినంత అందదు. ఇంధనాన్ని ఒత్తిడితో చిమ్మే పద్ధతిలో ఈ చిక్కు లేదు. కొండబాటకు బండి ఎంచుకునేవారు ఇది కూడా చూసుకుంటారు.

గాలిలో తిరిగే చక్రం

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. ఎడ్లబండి చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మోటారు బండిలో ఇంజను రెండు చక్రాలనూ తిప్పాలి, పైగా వేర్వేరు వేగాలతో తిప్పాలి. ఈ పని చేసేది ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్. అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్ని పంచుతుంది.

అయితే ఆ సమానత్వమే ఒక్కోసారి కొంపముంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి. దాన్ని తిప్పడానికి బలం అక్కరలేదు. అందువల్ల నేల మీదున్న రెండో చక్రానికి కూడా బలం అందదు! ఒకటి గిర్రున తిరుగుతుంటే, రెండోది కదలకుండా కూర్చుంటుంది. దీనికి మందు లాకర్ అనే పరికరం. అది రెండు చక్రాలనూ ఒకటిగా బిగించి ఒకే వేగంతో తిప్పుతుంది. కానీ రోడ్డు మీద మలుపుల్లో అలా బిగిసి ఉంటే టైర్లు ఈడ్చుకుపోతాయి, బండి సులువుగా తిరగదు. అందుకని కుటుంబం ఎక్కే బండికి, కావలసినప్పుడే పనిచేసి అక్కరలేనప్పుడు విడిపోయే లాకర్ మేలు.

గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది

ఒక చక్రం మీద 900 పౌండ్ల బరువు ఉందనుకుందాం. టైరులో గాలి చదరపు అంగుళానికి 35 పౌండ్ల పీడనంతో ఉంటే, నేలను తాకే భాగం 900ని 35తో భాగించగా దాదాపు 26 చదరపు అంగుళాలు. పీడనాన్ని 18కి తగ్గిస్తే అది 50 చదరపు అంగుళాలవుతుంది. టైరు గోడలు కూడా కొంత బరువు మోస్తాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. మెత్తబడిన టైరు రాయి ఆకారానికి ఒదిగి దాన్ని పట్టుకుంటుంది. సీట్లలో ఉన్నవారికి కుదుపులూ తగ్గుతాయి. తిరిగి రోడ్డెక్కే ముందు మాత్రం గాలి నింపి తీరాలి. మెత్తని టైరు వేగంగా తిరిగితే, వంగి వంగి వేడెక్కి పగిలిపోవచ్చు.

ఎత్తు పెంచితే చాలదా?

చాలామంది మొదట స్ప్రింగులు మార్చి బండిని ఎత్తు చేస్తారు. కానీ బండి అడుగున రాళ్ళకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ ఉబ్బు. ఇరుసు స్ప్రింగుల కింద ఉంటుంది. స్ప్రింగులు ఎంత ఎత్తు చేసినా అది ఒక్క అంగుళం కూడా లేవదు! దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. 28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే ఇరుసు రెండున్నర అంగుళాలు లేస్తుంది. ఆ టైరు బండిని రాసుకోకుండా ఉండేటంత మేరకే స్ప్రింగుల ఎత్తు అవసరం.

అంతకు మించితే అపాయం. ఎందుకంటారా? బండి రెండు పక్కల చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుందాం. దూరంలో సగాన్ని ఎత్తుతో భాగిస్తే, బండి పక్కకు దొర్లే కోణపు టాంజెంటు వస్తుంది. 70ని 70తో భాగిస్తే 1. కోణం 45 డిగ్రీలు. గరిమనాభి 10 సెంటీమీటర్లు లేస్తే కోణం 41కి పడిపోతుంది. పైకప్పు మీద సామాన్లు కట్టి మరో 5 సెంటీమీటర్లు పెంచితే 39 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన బాటలో స్ప్రింగులు ఒక పక్కకు అణుగుతాయి, బండి కదులుతూ ఊగుతుంది. కనుక ఇంతకంటే చాలా ముందే దొర్లుతుంది.

పెద్ద టైరుకు మరో మూల్యం ఉంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా 71 వేగంతో పోతూ ఉండవచ్చు. పెడలును అంతే బలంతో తొక్కినా, బండిని ఆపే బలం సుమారు 15 శాతం తగ్గుతుంది. అందుకే టైర్లు మార్చినవారు బ్రేకులు కూడా మార్చుకోవాలి.

వెనక సీటు సంగతి

ఇప్పటివరకూ చెప్పినవన్నీ బండిని కదిలించేవి. పిల్లలను కాపాడేవి వేరు. ఫైబర్‌గ్లాస్ కప్పు వాననూ ఎండనూ ఆపుతుంది కానీ, బండి తలకిందులైతే దాని బరువును ఆపలేదు. అందుకని ఉక్కు గొట్టాలతో పంజరం కట్టి, ఛాసిస్‌కు బిగిస్తారు. తలలు తగిలే చోట గొట్టాలకు మెత్తని తొడుగులు వేస్తారు. నడుముకు మాత్రమే వచ్చే పాత బెల్టులను తీసి, భుజం మీదుగా వచ్చే బెల్టులు అమరుస్తారు. బరువైన పెట్టెలను పైకప్పు మీద కాక, నేలకు ఆనించి కట్టేస్తారు. కట్టని పనిముట్ల పెట్టె కుదుపులో ఎగిరితే అదొక ఫిరంగి గుండే.

మన దేశంలో మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.

చేసి చూడండి

ఒక ఖాళీ బిస్కట్ల అట్టపెట్టె తీసుకోండి. దాని అడుగున లోపల నాలుగు నాణేలు టేపుతో అంటించి, పెట్టెను పలక మీద నిలబెట్టండి. జారకుండా కింది అంచున ఒక స్కేలు అడ్డం పెట్టండి. పలకను మెల్లగా ఎత్తుతూ, పెట్టె ఏ కోణం దగ్గర పడిందో కోణమానినితో కొలవండి. తరువాత నాణేలను పెట్టె పైభాగానికి మార్చి మళ్ళీ కొలవండి. పెట్టె అదే, బరువు అదే. మరి రెండు కోణాలూ ఒకటేనా? ఆ తేడాయే కొండబాట మీద వెనక సీట్లో కూర్చున్నవారి భద్రత.