గృహ బీరు తయారీలో కిణ్వన ఉష్ణోగ్రత, కాలనిర్ణయం: ఒక వివరణ

కీలకపదాలు: కిణ్వనం, ఈస్ట్, లాగర్, విశిష్ట గురుత్వం, డైఅసిటైల్.

1. ఉపోద్ఘాతం:
బవేరియాను ఏలిన ఐదవ ఆల్‌బ్రెక్ట్ 1553లో వేసవిలో బీరు కాయడాన్ని నిషేధించాడు. సెప్టెంబరు 29 మొదలు ఏప్రిల్ 23 వరకే అనుమతి ఉండేది. ఎండాకాలపు బీరు చెడిపోతుందని అనుభవం చెప్పింది కాని, కారణం నాటివారికి తెలియదు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్ట్‌ను శుద్ధరూపంలో వేరుచేసిన తరువాతనే ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన పునాది ఏర్పడింది. అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం సొంత వినియోగానికి ఇంట బీరు కాచుకోవడాన్ని సుంకం నుంచి మినహాయించింది. నాడు బవేరియా ఎదుర్కొన్న చిక్కే నేడు ఇరవై లీటర్ల పాత్రలో గృహ తయారీదారుకు ఎదురవుతున్నది. (తెలుగు రాష్ట్రాలలో అనుమతిపత్రం లేని మద్యం తయారీ నేరం కనుక ఈ చర్చ శాస్త్రపరమైనదిగానే గ్రహించాలి.)

2. గది వేడి – పాత్ర వేడి:
ఏల్ ఈస్ట్ సాధారణంగా 18–22 డిగ్రీల సెల్సియస్‌లోను, లాగర్ ఈస్ట్ 8–13 డిగ్రీలలోను పనిచేస్తాయి. చలికాలంలో దోసెపిండి ఆలస్యంగా పులియడం మన ఇళ్లలో ఎరిగినదే. అయితే కిణ్వనం స్వయంగా వేడిని పుట్టిస్తుంది. గది 20 డిగ్రీలున్నా ఉద్ధృత దశలో లోపలి ద్రవం దానికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి కొలవవలసింది ద్రవాన్ని, గాలిని కాదు. ఈస్ట్ కణాలు వృద్ధిచెందే తొలి రెండు మూడు రోజులే కీలకం. అప్పుడు వేడి మితిమీరితే ఘాటైన ఉన్నత ఆల్కహాళ్లు, అతిగా పండ్లవాసననిచ్చే ఎస్టర్లు ఏర్పడతాయి. తరువాత చల్లార్చినా ఆ దోషం పోదు.

3. ముగింపును గుర్తించడం:
బుడగలు ఆగినంత మాత్రాన కిణ్వనం ముగిసినట్లు కాదు. హైడ్రోమీటరే ప్రమాణం. విశిష్ట గురుత్వం 1.050 నుంచి, ఉదాహరణకు, 1.012కు దిగి, రెండు మూడు రోజులు మారకుండా నిలవాలి. అదీ చాలదు. హఠాత్తుగా చలిపడితే ఈస్ట్ అడుగుకు చేరి, చక్కెర మిగిలి ఉండగానే పని ఆపవచ్చు. అటువంటి బీరును సీసాలకెత్తితే, వెచ్చబడినప్పుడు కిణ్వనం తిరిగి మొదలై సీసాలు పగులుతాయి.

4. డైఅసిటైల్ సమస్య:
వెన్నవాసన గల ఈ పదార్థాన్ని ఈస్ట్ నేరుగా తయారుచేయదు. కణాల నుంచి బయటికి వచ్చిన ఆల్ఫా-అసిటోలాక్టేట్ ద్రవంలో ఎంజైముల ప్రమేయం లేకుండానే డైఅసిటైల్‌గా మారుతుంది. ఈ మార్పు చలిలో చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఏర్పడిన డైఅసిటైల్‌ను ఈస్టే తిరిగి గ్రహించి, వాసన అంతగా తెలియని పదార్థాలుగా మారుస్తుంది. అందుకే లాగర్ తయారీలో గురుత్వం చివరి అంకెకు చేరువవుతుండగా ఉష్ణోగ్రతను 16–18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచుతారు. కిణ్వనం పూర్తిగా చల్లారిన తరువాత ఈ పని చేస్తే, చురుకైన ఈస్ట్ తగినంత మిగలక ఫలితం తగ్గుతుంది. ఇక్కడ తేదీలను నమ్ముకోవడం కంటే పరీక్ష మేలు. కొద్ది నమూనాను మూతపెట్టి, సుమారు 60 డిగ్రీల వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. వెన్నవాసన వస్తే పాత్రను ఇంకా చల్లబరచకూడదు. ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ పరీక్షించాలి.