గొట్టం తీసే సంతకం ఎవరిది?

గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె వెళ్లే దారిలో సైరన్ మోగించని అంబులెన్సులు కనిపిస్తుంటాయి. లోపల పెద్దాయన నోట్లో గొట్టం, దానికి తగిలించిన రబ్బరు సంచి. పెద్దకొడుకు నొక్కుతుంటాడు, చెయ్యి లాగేస్తే అల్లుడు అందుకుంటాడు. వేమూరు దాటాక ఫోను: "పిన్నీ, వచ్చేస్తున్నాం, వాకిట్లో మంచం వేయించు." ఊపిరి ఉండగానే గడప చేర్చాలి. అద్దె ఇల్లయితే ఇంకో బెంగ, ఓనరు ఒప్పుకుంటాడో లేదో! ఇల్లు చేరాక తులసి తీర్థం పోస్తారు. గొట్టం ఎవరో ఒకరు తీస్తారు. ఎవరు తీశారని ఆ తర్వాత ఎవరూ అడగరు.

ఆసుపత్రి ఫైల్లో మాత్రం కొడుకు సంతకం ఉంటుంది: డాక్టర్ల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నాం అని. ఐసీయూ సిబ్బంది దీన్ని 'లామా' అంటారు. "ఇంక లాభం లేదండీ, ఇంటికి తీసుకెళ్లండి" అన్నది ఆ డాక్టరే. నోటి మాట ఒకటి, కాగితం మీద మాట ఇంకొకటి. డాక్టరును తప్పుపట్టి లాభం లేదు. రేపు కేసు పడితే ఆయన పక్కన నిలబడేది ఆ కాగితమొక్కటే.

చట్టం లేదా అంటే ఉంది. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో వైద్యం విరమించవచ్చని చెప్పింది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంది, చివరి దశలో వైద్యం ఆపేయమని ముందుగానే రాసుకునే 'లివింగ్ విల్'కు విలువ ఇచ్చింది. అయితే అప్పటి నిబంధన ప్రకారం దాన్ని మేజిస్ట్రేటు ఎదుట రాయాలి, కలెక్టరు బోర్డు వేయాలి. ఆ మెట్లన్నీ ఎక్కేలోపు మనిషే పోతాడు. 2023 జనవరిలో కోర్టే వాటిని తగ్గించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. వైద్యం ఆపాలంటే రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. ఒక్కోటి వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలి. ఆపే ముందు మేజిస్ట్రేటుకు కబురు పెడితే సరిపోతుంది. విల్లు లేకపోయినా కుటుంబం ఒప్పుకుంటే ఇదే దారి. ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే.

ఇదంతా రేపల్లెలో ఎలా జరుగుతుందో చూడండి. మొదటి బోర్డులో వైద్యం చేస్తున్న డాక్టరుతో పాటు అయిదేళ్ల అనుభవమున్న నిపుణులు ఇద్దరుండాలి. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరు, మరో ఇద్దరు నిపుణులు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె వాళ్లకు ఆ అధికారి బాపట్లలో, తెనాలి వాళ్లకు గుంటూరులో. చిన్న నర్సింగ్ హోముకు ఇంతమంది నిపుణులు ఎక్కణ్నుంచి వస్తారు? పెద్ద నగరంలోని పెద్ద ఆసుపత్రిని మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. కర్ణాటక మాత్రం 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి, రెండో బోర్డులకు డాక్టర్లను నియమించమని తన జిల్లా ఆరోగ్యాధికారులకు చెప్పింది. మనకూ కావలసింది అదే, కొత్త చట్టం కాదు.

ప్రభుత్వం చావు విషయంలో తల దూర్చాలా అని టీవీల్లో చర్చలు పెడతారు. మన దగ్గర అసలు గొడవ అది కాదు. రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. 2004లో హైదరాబాద్‌లో వెంటిలేటర్ మీద ఉన్న చదరంగం ఆటగాడు వెంకటేశ్ వయసు పాతికేళ్లు. కండరాలు కరిగిపోయే జబ్బు. ప్రాణం పోకముందే అవయవాలు తీసుకుని ఇంకొకరికి ఇవ్వమని అడిగాడు. తల్లి సుజాత హైకోర్టుకు వెళ్లారు. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. డిసెంబరులో అతను పోయాడు, కళ్లు మాత్రం దానం చేయగలిగారు. అతనిది స్పష్టమైన కోరిక. 2021లో పుంగనూరు కోర్టుకు వచ్చిన తల్లి సంగతి వేరు. తొమ్మిదేళ్ల కొడుక్కు వైద్యం చేయించండి, లేదా కారుణ్య మరణానికి అనుమతివ్వండి అన్నది ఆమె అర్జీ. తిరుగు దారిలో ఆటోలోనే బాబు ప్రాణం పోయింది. ఆ అర్జీలో మొదటి సగం చదవకుండా రెండో సగం గురించి తీర్పులివ్వడం నాకు నచ్చదు.

గొట్టం తీయడమొక్కటే కాదు, తీశాక నొప్పి ఎవరు చూస్తారు? క్యాన్సర్ ముదిరి ఇంటికొచ్చిన మనిషికి కావలసింది మార్ఫిన్. 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో ఆసుపత్రులే దాన్ని ముట్టుకోవడం మానేశాయి. 2014లో సవరణ తెచ్చి గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు వీలు కల్పించారు. అయినా మన చిన్న ఊళ్ల మందుల షాపుల్లో అడిగి చూడండి, పారాసిటమాల్ చేతిలో పెడతారు. కేరళ 2008లోనే నొప్పి తగ్గించే సంరక్షణకు పాలియేటివ్ విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు ఇంటికొచ్చి పుండ్లు కడుగుతుంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో ఇందుకు ప్రత్యేక కేంద్రాలు పెట్టింది. మన దగ్గర వీధి వీధికీ సచివాలయముంది. పింఛను లెక్క తెలిసిన ఊళ్లో మంచాన పడ్డవాళ్ల లెక్క తెలియకపోదు.

2023 తీర్పులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటుంది. లివింగ్ విల్ ప్రతిని స్థానిక సంస్థకు అందించాలి, దాన్ని భద్రపరిచే అధికారిని ఆ సంస్థే నియమించాలి. అంటే తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీలకు ఈ పని ఉన్నట్టే. రాసుకున్నవాళ్లు ఒక ప్రతి తమ డాక్టరుకిచ్చి, రెండోది పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. అక్కడివాళ్లు మిమ్మల్ని ఇంటి పన్ను కౌంటరుకు పంపినా పంపొచ్చు. ఈ కాగితం తీసుకోవలసిన అధికారి ఎవరో రాతపూర్వకంగా చెప్పమని అర్జీ పెట్టి, రసీదు తీసుకునే బయటకు రండి.