కుందేటి కొమ్ము – ఎగిరెడు పంది

జరుగని పనిని “జరుగదు” అని మొగముమీద చెప్పుట ఎవరికిని ఇంపుగా నుండదు. కావుననే ప్రతి భాషయు అట్టి పనికొక వింత గడువును కల్పించినది. ఆంగ్ల వాచకములలో మన విద్యార్థులకు ఎదురగు ఇట్టి పలుకుబడులను, వానికి సాటియైన మన మాటలను ఇచట వివరింతుము.

“పందులు ఎగిరిననాడు” అని ఆంగ్లేయులందురు. ఫ్రెంచివారు “కోళ్ళకు పండ్లు వచ్చిననాడు” అనియు, స్పెయిన్‌వారు “కప్పలకు వెండ్రుకలు మొలిచిననాడు” అనియు, రష్యనులు “ఎండ్రకాయ కొండపై ఈల వేసిననాడు” అనియు చెప్పుదురు. మన పూర్వులు పట్టుకొన్నది కుందేలు. కుందేటి కొమ్ము, గగనకుసుమము అనునవి తర్కశాస్త్రజ్ఞులు లేని వస్తువునకు చూపిన ఉదాహరణములు. వీనిని కన్నడిగులును ఎరుగుదురు. “అత్తకు మీసములు వచ్చిన మామ యగును” అనునది ఇండ్లలో పుట్టిన సామెత.

అప్పు తీర్చనివారు “గ్రీకుల కాలెండులనాడు” తీర్తురని రోము చక్రవర్తి ఆగస్టస్ అనెడివాడని చరిత్రకారుడు స్వెటోనియస్ వ్రాసెను. కాలెండులనగా రోమనుల నెలలో మొదటి దినము. గ్రీకుల పంచాంగములో ఆ దినమే లేదు. దీనికి సాటి మన అంగడి పలకపైననే యున్నది: “అరువు రేపు.” మరునాడు పోయి చూచినను ఆ పలక ఆ మాటయే చెప్పును.

“నీలిచంద్రుడు వచ్చినపుడొకసారి” అను ఆంగ్ల పలుకుబడి మాత్రము వేరు. దానికి “ఎన్నడును లేదు” అని గాక “బహు అరుదుగా” అని అర్థము. ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతము 1883లో ప్రేలినపుడు, ఆ ధూళివలన పలుచోట్ల చంద్రుడు నిజముగనే నీలముగా కనబడెను. ఒకే ఆంగ్ల మాసములో వచ్చు రెండవ పూర్ణిమకు ఆ పేరు ఇరువదవ శతాబ్దిలో స్థిరపడినది. చాంద్రమాసము సుమారు 29½ దినములే యగుటచే అట్టి పూర్ణిమ 19 ఏండ్లలో సుమారు ఏడుమార్లు వచ్చును. మన అధికమాసములును 19 ఏండ్లలో ఏడే. రెంటికిని మూలమైన లెక్క యొక్కటే.

కావున అనువాదము చేయునపుడు మాటకు మాట పెట్టరాదు. “పందులు ఎగిరిననాడు” అని తెలుగున వ్రాసిన అవ్వకు అర్థము కాదు. “కుందేటికి కొమ్ము మొలిచిననాడు” అనిన వెంటనే నవ్వును. అరుదైనదానిని అసాధ్యమని వ్రాయుటయు తప్పే.

అసాధ్యమనుకొన్నవన్నియు అసాధ్యములు కావు. 1909 నవంబరులో మూర్ బ్రాబజన్ అను ఆంగ్లేయుడు ఒక పందిపిల్లను బుట్టలో నుంచి, విమానమునకు కట్టి, ఎగిరించి చూపెను!

కర్ణాటకములో తెలుగు చదివిన ఫలము కుందేటి కొమ్మే యని మన పాతపాళ్య ప్రాంతమున కొందరు తల్లిదండ్రులు సందేహింతురు. వారికి మేము చూపదగిన నిదర్శనము దూరమున లేదు. చింతామణి తాలూకాలోని కైవార నారాయణప్పగారు తెలుగు కన్నడములు రెంటను రచించి, రెండు భాషలవారి మన్ననను పొందిరి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇంటిమాట గట్టిగా వచ్చినవానికి కన్నడమును, ఆంగ్లమును పోల్చి చూచుకొనుటకొక ఆధారముండును.

విద్యార్థులారా! మీ అవ్వతాతల నడిగి ఇట్టి పలుకులను సేకరింపుడు. తెలుగు, కన్నడము, ఆంగ్లము అని మూడు వరుసలు గీచి వ్రాసికొనుడు. ఆ పనిని మాత్రము అంగడి పలకవలె రేపటికి వాయిదా వేయకుడు.