విలీనమను ఒక్కమాట

రెండు వస్తువు లొకటి యగుటను చెప్పుటకు ఆంగ్లభాషయందు మాటలు పెక్కు గలవు. యూనియన్, ఫెడరేషన్, మెర్జరు, అమాల్గమేషన్, ఇంటిగ్రేషన్ మొదలగునవి మన కచేరీలకును, బ్యాంకులకును, శాసనసభలకును పరిచితములే. వీనిలో నేమాట వచ్చినను మనము తరచుగా "విలీనము" అను నొక్క తెలుగుమాటతో సరిపుచ్చుకొనుచున్నాము. ఇది పండితుల చర్చ మాత్రమే యని చదువరులు తలంపరాదు. కాగితముపై నేమాట పడునో, దాని క్రింద నేమి షరతు వ్రాయబడునో దానినిబట్టియే మన పేరును, మన హక్కును నిలుచుటయో పోవుటయో జరుగును.

ఆ మాటల పుట్టుక చూడుడు. మెర్జరునకు మూలమగు లాటిను ధాతువునకు ముంచుట యని యర్థము. ఫెడరేషనునకు మూలము ఒడంబడిక. యూనియన్ అనగా ఏకమగుట. అమాల్గమ్ అనగా పాదరసముతో నితరలోహము కలిసిన ముద్ద. మునిగినవాడును, ఒడంబడిక వ్రాసికొన్నవాడును ఒక్కస్థితియం దుండరు గదా! ఇక మన విలీనశబ్దమునకు కరగిపోయిన దని యర్థము. దానికిని విలయమునకును ధాతు వొక్కటియే.

ఈ భేదములు మనవారు ఎరుగనివి కావు. బడిలో చదివిన వ్యాకరణమే మూడువిధములగు కలయికలను చూపుచున్నది. రాముడు, అతడు కలిసి రాముడతడు అగునపుడు మొదటిపదము పోదు. దాని కొసయందలి యుకారము మాత్రము లోపించును. దేవ, ఇంద్ర కలిసి దేవేంద్ర అగునపుడు అకార ఇకారములు రెండును పోయి ఏకారమను మూడవ స్వరము పుట్టును. మా, అమ్మ అనునవి మాయమ్మ యగునపుడు రెండచ్చులును చెక్కుచెదరక నిలువగా నడుమ యకారము వచ్చి చేరును.

ఈ మూడింటికిని మన చరిత్రయందే దృష్టాంతము లున్నవి.

1923లో మచిలీపట్నమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో చేరెను. ప్రభుత్వ పథకమునందలి మాట అమాల్గమేషన్. డిపాజిట్లును, అప్పులును, ఉద్యోగులును క్రొత్త బ్యాంకునకు సంక్రమించిరి. పేరు మాత్రము పోయెను. డెల్టా రైతుల పాసుపుస్తకములపై తరతరములుగా నుండిన ఆంధ్రశబ్దము ఉకారమువలె లోపించెను.

1956 నవంబరు 1న ఆంధ్రరాష్ట్రమును, హైదరాబాదు రాష్ట్రమందలి తెలుగు జిల్లాలును కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యెను. రెండు రాష్ట్రములును పోయి మూడవది పుట్టెను, ఇది గుణసంధి. దానికి ముందు ఫిబ్రవరి 20న ఉభయప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. ఆ షరతులు చెల్లలేదను ఫిర్యాదు 1969లో ఉద్యమమయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్ర మగుటకు గల కారణములలో నదియు నొకటి.

మూడవది మన గౌతమి యొడ్డుననే యున్న యానాము. ఫ్రెంచివారి యేలుబడి అచ్చట 1954లో ముగిసెను. 1956 మే 28న ఉభయదేశములును సంధిపత్రము వ్రాసికొనెను. అది 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. పూర్వపు ప్రత్యేకపాలనా ప్రతిపత్తి నిలుచుననియు, ప్రజాభిప్రాయము తెలిసికొననిదే రాజ్యాంగపరమగు మార్పు చేయరాదనియు అందు వ్రాసిరి. చుట్టును ఆంధ్రదేశమే యున్నను యానాము నేటికిని పుదుచ్చేరిలోని భాగము. దేశముతో నేకమయ్యెను, తన ప్రత్యేకతను కోలుపోలేదు. నడుమ నిలిచిన యకారము ఆ సంధిపత్రమే.

ఒక్క 1956వ సంవత్సరముననే ఈ రెండు పత్రములును పుట్టినవి. ఒకటి పెద్దమనుషుల మాటగా నుండెను. మఱియొకటి రెండు రాజ్యములను కట్టుబఱచు సంధి యయ్యెను. వాని ఫలములు మన మెరుగుదుము.

ఐక్యము వలదని మేము చెప్పము. కలిసినపుడే బలము. కాని రేపు ఒక పంచాయతీ పట్టణములో కలియునన్నను, ఒక సహకారసంఘము మఱియొకదానితో చేరునన్నను, విలీనమను మాట విని తలయూపక మూడు ప్రశ్నలు వేయవలెను: పోవున దేమి? నిలుచున దేమి? ఆ నిలుచునది యెచ్చట వ్రాయబడినది? వీనికి సమాధానము దొరకిన పిదపనే చేవ్రాలు చేయుట విజ్ఞుల లక్షణము.