కదిలే ఇల్లు, కదలని ఊరు

ఇల్లు విడిచి పోవుటయే ప్రయాణమని లోకము తలచును. కాని ఇంటినే వెంటబెట్టుకొని పోవు ప్రయాణమొకటి నేడు పాశ్చాత్య దేశములలో ప్రచారములో ఉన్నది. ఆ వాహనమునకు మోటారు హోమ్ అని పేరు. పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, భోజనపు బల్ల అన్నియు అందులోనే అమరి ఉండును. నచ్చినచోట ఆగవచ్చును, నచ్చనిచోటు విడిచి పోవచ్చును. ఇంగ్లండులో వేసవి సెలవులు రాగానే ఎన్నో కుటుంబములు పిల్లలతో ఇట్టి బండ్లెక్కి పల్లెసీమలకు బయలుదేరును.

అట్లు బయలుదేరినవారు చూచు చారిత్రక గ్రామములలో డెర్బీషైరులోని ఈమ్ ఒకటి. ఇది 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్టు జాతీయోద్యానవనములోని చిన్న ఊరు. బ్రిటనులో నెలకొల్పిన తొలి జాతీయోద్యానవనము అదియే. రాతిగోడల నడుమ సాగు ఇరుకు బాటలలో పెద్ద బండిని నడుపుట కష్టము. అందుచేత మ్యూజియము ఎదుటనున్న వాహనస్థలము వంటి చోట బండి నిలిపి, ఊరిలోనికి నడచి పోవుటయే మేలు. ఆ నడక కొద్దిపాటిదే. కాని ఆ దారిలో పిల్లలకు ఎదురగు చరిత్ర సామాన్యమైనది కాదు.

1665లో లండను నగరమున మహామారి విజృంభించినది. ఆ ఏడే ఈమ్ గ్రామములోని ఒక దర్జీకి లండను నుండి గుడ్డల మూట వచ్చినదట. అతని సహాయకుడు జార్జి వికర్స్ తడిసిన గుడ్డలను ఆరబెట్టినాడనియు, వానిలోని పురుగుల వలన అతనికి వ్యాధి సోకినదనియు ఊరిలో చెప్పుకొందురు. ఈ గుడ్డల కథ ఎట్లున్నను, 1665 సెప్టెంబరు 7న వికర్స్‌ను పూడ్చిరన్నది చర్చి మరణపట్టికలోని విషయము. చలికాలమున కొంత తగ్గుముఖము పట్టిన వ్యాధి మరుసటి వేసవిలో మరల రాజుకొన్నది.

అప్పుడు ఊరి ముందు రెండు దారులు నిలిచినవి. పారిపోయి ప్రాణము దక్కించుకొనుట ఒకటి. పోక, వ్యాధిని ఊరు దాటనీయకుండుట రెండవది. చర్చి గురువు విలియం మాంపెసన్ వయసులో చిన్నవాడు, ఊరికి క్రొత్తవాడు. ప్రజలకు గురి ఉన్నది పాత గురువైన థామస్ స్టాన్లీపై. మతశాసనమునకు లోబడనందున ఆయన పదవి పోయినది. ఒకరి పీఠమున మరియొకరు కూర్చున్న ఈ ఇరువురును విభేదములను ప్రక్కకు పెట్టి, 1666 జూనులో ఊరివారిని ఒక్క మాటపైకి తెచ్చినారు. ఎవరును ఎల్ల దాటరాదు. చర్చి తలుపులు మూసి, కక్లెట్ డెల్ఫ్ అను లోయలో ఆరుబయట, ఒకరికొకరు ఎడముగా నిలిచి ప్రార్థన చేయవలెను. ఎవరింటి మృతులను వారే తమ తోటలలోనో పొలములలోనో పూడ్చుకొనవలెను.

పొలిమేర అనగానే తెలుగు పల్లెవాసికి పోలేరమ్మ తలపునకు వచ్చును. వ్యాధి ఊరిలోనికి రాకుండ కాపాడుమని మనవారు ఆ తల్లిని మ్రొక్కిరి. ఈమ్ ప్రజలు వ్యాధి ఊరి నుండి బయటకు పోకుండ తామే పొలిమేరను కాచిరి. చుట్టుపట్ల గ్రామములవారు, చాట్స్‌వర్తులోని డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపగా, దానిని ఎల్లరాళ్ళ వద్ద, బావి వద్ద ఉంచి పోయెడివారు. స్టోనీ మిడిల్టన్ పోవు దారిలోని ఎల్లరాతిపై గుంటలు నేటికిని ఉన్నవి. వానిలో వెనిగర్ పోసి, వెలగా ఇచ్చు నాణెములను వేసెడివారట. వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నది 1894లో. అంతకు రెండు శతాబ్దులకు పైగా ముందే, శాస్త్రము తెలియని పల్లెజనులు ఇంత జాగ్రత్త పాటించినారు.

ఈ నిశ్చయమునకు వారు చెల్లించిన మూల్యము ఊరి వెలుపల అరమైలు దూరమున రైలీ సమాధుల వద్ద కానవచ్చును. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అను ఇల్లాలు ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చినది. అదే నెలలో మాంపెసన్ భార్య కేథరిన్ మరణించినది. 1666 నవంబరులో వ్యాధి శమించునాటికి 260 మంది మృతులైనట్లు గ్రామచరిత్ర చెప్పుచున్నది. అప్పటి జనసంఖ్య 350 అనువారు కొందరు. దానికి రెండింతలు అనువారు మరికొందరు.

కథను పొగడుటతో ముగించిన చాలదు. మాంపెసన్ తన ఇద్దరు బిడ్డలను ముందుగానే యార్క్‌షైరుకు పంపివేసినాడు. కలిగినవారు కొందరు ముందే తప్పుకొన్నారు. ఊరివారెల్లరు ఇష్టపూర్వకముగానే నిలిచిరా, పోవుటకు చోటులేక నిలిచిరా అని చరిత్రకారులు ప్రశ్నించినారు. ఈ త్యాగగాథకు నేటి రూపము వచ్చినది తరువాతి శతాబ్దులలోనే అనియు వారందురు. అయినను ఊరిలోపలి మృత్యువు ఎంత ఘోరమో చూచిన పిమ్మటను ఆ హద్దు నిలిచినదన్నది కాదనరానిది. పోదగిన చోటు లేనివాడు నిలిచినను, వాని వలన పొరుగూరు బ్రతికినయెడల ఆ ఋణము ఋణమే గదా! కేథరిన్‌కు బిడ్డలతో పోవు అవకాశము ఉన్నది, ఆమె పోలేదు.

1669లో మాంపెసన్ ఈక్రింగ్ అను గ్రామమునకు బదిలీ కాగా, అచటివారు భయపడి ఆయనను కొంతకాలము ఊరిలోనికి రానీయలేదని ప్రతీతి. ఒక ఊరి హద్దును కాచినవానికి మరియొక ఊరి హద్దు అడ్డమైనది.

2020లో కరోనా వలన ప్రపంచమే తలుపులు మూసుకొన్నప్పుడు ఈమ్ పేరు మరల పలువురి నోట వినబడినది. అప్పుడు ఇంటనుండుట ఎంత కష్టమో ఆ రోజులను ఎరిగిన పిల్లలకు స్వయముగా తెలియును. కనుకనే ఉపాధ్యాయుడు ఈ పాఠమును వారికి సులభముగా చెప్పగలడు. ఆ ఇండ్ల ముందు పలకలపై మృతుల పేర్లు, తేదీలు వ్రాసి ఉన్నవి. ఆ ఇండ్లలో నేటికిని కుటుంబములు కాపురమున్నవి. కిటికీలలోనికి తొంగిచూడక, పేర్లు చదివి సాగిపోవుట మర్యాద. ఏటా ఆగస్టు చివరి ఆదివారమున ఊరివారు మృతులను తలచుకొని ప్రార్థనలు జరుపుదురు.

ఎక్కడికైనను పోగల బండిలో వచ్చిన పిల్లవాడు ఆ పేర్ల ముందు నిలిచి, "వీరు ఎందుకు పోలేదు?" అని అడుగును. తండ్రి తొందరపడి జవాబు చెప్పనక్కరలేదు. ఎల్లరాయి వరకు నడిపించి, అచటినుండి కనబడు పొరుగూరిని చూపిన చాలును.