బిడ్డ తెలివిని గుర్తించు టెట్లు?

బస్తరు సీమయందలి కొండగావ్ ప్రాంతమున గఢ్వాలను పోతపనివారు గలరు. వారు ఇత్తడితో ఏనుగులను, గుర్రములను, దేవతామూర్తులను పోయుదురు. మొదట మట్టితో బొమ్మ చేసి యారబెట్టుదురు. తేనెమైనమును సన్నని దారములుగా దీసి దానిపై చుట్టి, నగలు, కనుబొమలు తీర్చి, మరల మట్టి కప్పుదురు. కాల్చినపుడు మైనము కరగిపోవును; అది విడిచిన చోటును కరగిన ఇత్తడి యాక్రమించును. చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టవలయును గనుక ఒక యచ్చున కొకే బొమ్మ.

ఇత్తడి మైనముకంటె సుమారు తొమ్మిది రెట్లు బరువు. కావున వాడిన మైనమును బట్టి లోహమెంత కావలయునో పనివాడు ముందే నిర్ణయించుకొనవలెను. తక్కువైనచో ఏనుగునకు తొండము రాదు. కంటికి కనబడని ఖాళీని మనస్సున జూచి దానికి తగిన లోహమును తూచు నీ పనివాడు చిన్ననాట బడిలో పరీక్ష తప్పియుండవచ్చును. అంతమాత్రమున వానిని తెలివిమాలినవాడనుట యెట్లు?

బుద్ధిని కొలుచు పరీక్షలకు ఆద్యుడు ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బినే. సిమోన్ అను వైద్యునితో గలసి 1905లో తొలి పరీక్షను సిద్ధపరచెను. బడిలో వెనుకబడిన పిల్లలలో ప్రత్యేక సహాయము ఎవరికి కావలయునో తెలిసికొనుటయే దాని యుద్దేశము. బుద్ధి పుట్టుకతో నిర్ణయమై మార్పు చెందదను మాటను 1909 నాటి తన గ్రంథమున అతడు ఖండించెను. తరువాతివారిలో ననేకులు ఆ సంఖ్యను నుదుటివ్రాతగా జేసిరి. ఆ దోషము బినేది కాదు.

బస్తరులో ననేకులు బిడ్డలు ఇంట గోండి మాటలాడుదురు, సంతలో హల్బీ విందురు, బడిలో హిందీ పుస్తకము తెరతురు. దక్షిణమున కోంటా వైపు దోర్లల పలుకు తెలుగునకు చేరువైనది. గోండియు మన భాషకు బంధువే. తెలియని భాషలో నడిగిన ప్రశ్నకు బిడ్డ మౌనము వహించినచో అది మందబుద్ధికి గుర్తు కాదు. ఇంటి భాషలో నడిగి చూడవలయును. క్రొత్త చిక్కు వచ్చినపుడు వాడేమి చేయునో, నిన్నటి తప్పును నేడెట్లు దిద్దుకొనునో గమనింపవలయును. పిలిచినను పలుకని బిడ్డకు ముందుగా చెవులు, కన్నులు పరీక్ష చేయింపవలెను. వినికిడి లోపమును బుద్ధి లోపముగా నెంచి బిడ్డ భవిష్యత్తును పాడుచేసిన తల్లిదండ్రులు లేకపోలేదు. పదునెనిమిదేండ్ల లోపు వారికి ఇట్టి పరీక్షలు చేయుటకై 2013లో జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది.

ఒకప్పుడు బస్తరు సంతలలో వర్తకులు ఉప్పిచ్చి సారపప్పు తీసికొనిపోయెడివారు. గిరిజనుల యమాయకత్వమునకు దీనిని నిదర్శనముగా చెప్పుకొనుట వాడుక. అడవిలో సారచెట్టు కలదు, ఉప్పు లేదు. లేనిదానికి హెచ్చు వెల యిచ్చుట గతిలేమియే గాని తెలివితక్కువ గాదు. నేరము త్రాసు పట్టినవానిది.

ఆ యుప్పునకు బుద్ధితో వేరొక సంబంధము గలదు. గర్భిణికి అయొడిన్ మిక్కిలి కొరవడినచో కడుపులోని శిశువు మెదడు సరిగా పెరుగదు. ఆ నష్టమును తరువాత పూడ్చుట దుర్లభము. శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్డా లోయయందు సహచరులతో గూడి పరిశోధన మారంభించి, అయొడిన్ కలిపిన ఉప్పు వలన గొంతువాపు తగ్గునని నిరూపించెను. 1962లో ప్రభుత్వము దేశవ్యాప్త కార్యక్రమమును చేపట్టెను. అయొడిన్ లేని ఉప్పును ఆహారమునకై విక్రయించుట 2006లో నిషేధింపబడినది.

ఈ యుప్పును మూతగల పాత్రలో, తడియు ఎండయు పొయ్యి సెగయు తగులని చోట నుంచవలయును. కూర దింపుటకు ముందు వేయుట మేలు. రక్తపుపోటు మొదలగు కారణములచే ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పిన గర్భిణి, ఆ కొద్దిపాటి యుప్పును సైతము అయొడిన్ గలదానినే వాడవలెను.